అసిరమ్మ బోణీ

ఊఁ కొడితేనే కథ చెబుతాను. మధ్యలో మానేశారో, కథ అలిగి వెళ్ళిపోతుంది.

కొండలకి ఇంకా పేర్లు పెట్టని రోజుల్లో, మూడు దారులు కలిసే చోట ఒక సంత జరిగేది. వారానికి ఒక్క రోజు. ఆ సంతకి ఆమడ దూరంలో, కొండ కింద గుడిసెలో అసిరమ్మ ఉండేది. మొగుడు కట్టెలు కొట్టేవాడు, చెట్టు విరిగి మీద పడి చచ్చిపోయాడు. పిల్లాజెల్లా లేరు. మొగుడు పోయిన దాన్ని నాట్లకి పిలిస్తే చేను కలిసిరాదన్నారు. కూలీ పోయింది.

ఏం చెయ్యాలా అని ఆలోచించి, చోళ్ళతో, అంటే రాగులతో, అంబలి కాచి సంతలో అమ్ముదామనుకుంది. అంబలి కాయడంలో ఆమెకి ఆమే సాటి. చుట్టుపక్కలవాళ్ళని సలహా అడిగింది. సలహాలకేం, ఊరకే వస్తాయి. దారిలో కుండ పగలొచ్చు అన్నారు. తల మీదకి మెత్తటి చుట్టకుదురు చేసుకుంది. వాన రావొచ్చు అన్నారు. తాటాకు గొడుగు అల్లుకుంది. ఎండకి అంబలి మరీ పులిసిపోవచ్చు అన్నారు. కుండకి తడిగుడ్డ చుట్టింది. మూడింటికీ సిద్ధపడింది. నాలుగోది మాత్రం ఎవరూ చెప్పలేదు.

సంతరోజు తెల్లవారేసరికి వెళ్ళింది. కుండ దించింది. మూత తీసింది. ఎదురు చూసింది.

జనం వచ్చారు. వాసన చూశారు. లొట్టలు వేశారు. ముట్టుకోలేదు. సంతకి వస్తూనే మొగుడు పోయినదాని చేతిది తాగితే ఆ రోజు బేరాలన్నీ చెడిపోతాయని వాళ్ళ భయం. ఎవరో ఒకరు ముందు తాగితే తరవాత తాగడానికి అందరూ సిద్ధమే. మరి ఆ ఒకరు ఎవరు?

మిట్టమధ్యాహ్నం దాలయ్య వచ్చాడు. సముద్రం ఒడ్డు నుంచి ఉప్పు కావిడి మోసుకొచ్చే మనిషి. సగం సంత అయ్యాక గానీ చేరలేడు. కావిడి దించి అంబలి అడిగాడు. పక్కవాళ్ళు చెవిలో ఏదో ఊదారు. కావిడి మోసేవాడికి చెడిపోయే బేరాలేమున్నాయి అని నవ్వి, గటగటా తాగి, గుప్పెడు చోళ్ళు ఆమె కొంగులో పోశాడు. అంతే, దోషమేదో వాడే తాగేశాడన్నట్టు జనం ఎగబడ్డారు. కానీ సగం సంత అప్పటికే అయిపోయింది, సగం కుండ మిగిలిపోయింది.

ప్రతి వారం ఇదే వరస. కుండ దించేది. మూత తీసేది. ఎదురు చూసేది. మధ్యాహ్నానికి దాలయ్య వచ్చేవాడు.

పొద్దంతా పని లేక కూర్చునేదానికి అందరి మొహాలూ కనిపిస్తాయి. కొత్తగా వచ్చి గంప దించి, బోణీ లేక ఎండలో కూర్చున్నవాళ్ళ మొహాలు ఇంకా బాగా కనిపిస్తాయి. ఒక రోజు ఎద్దుల మెడగంటలు పోత పోసేవాడొకడు అలా కూర్చుని ఉంటే ఆమె చూడలేకపోయింది. దాలయ్యని పిలిచి, కొంగుముడి విప్పి గుప్పెడు చోళ్ళు ఇచ్చింది.

"తమ్ముడా, ఆడి దగ్గిర ఒక గంట కొను. నాను పంపినట్టు సెప్పకు. నా సెయ్యని తెలిస్తే ఆడు బెంగెట్టుకుంటాడు."

దాలయ్య గంట కొన్నాడు. వెనకాలే నలుగురు వచ్చారు. పొద్దు గూకేసరికి వాడి గంప ఖాళీ. తరవాతి వారం గాజుల సీతాలుకి అలాగే జరిగింది. ఆ పై వారం ఊయలకి చిలకలు కట్టే ముసలాయనకీ అంతే. దాలయ్య హస్తవాసి మంచిదని సంతంతా పేరు పాకింది. అతనికి తలపాగాలు కట్టారు. పాపం, నిజం చెప్పబోతే ఆమె కళ్ళతోనే వద్దనేది. ఆ గుప్పెళ్ళు ఆమె తిండి గింజల్లోవి. ఆమె పుణ్యాన బాగుపడ్డవాళ్ళలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, పొద్దున్నే వచ్చి ఆమె అంబలి ముందుగా తాగలేదు. నాకు ఇప్పటికీ అదే కోపం.

ఒక ఏడు దాలయ్య కాలు విరిగి మంచాన పడ్డాడు.

మొదటి సంతకి ఆమె కుండ దించింది, మూత తీసింది, ఎదురు చూసింది. కుండ నిండుగానే తిరిగి మోసుకెళ్ళింది. రెండో సంతకీ అంతే. మూడో సంతకి అడుగున మిగిలిన గింజలతో పలచగా కాచి తెచ్చింది. ఆ రోజే దువ్వెనలమ్మే పోలి అనే పిల్ల కొత్తగా వచ్చి కూర్చుంది. మధ్యాహ్నం దాటినా ఒక్క దువ్వెన కదల్లేదు. పోలి కళ్ళనిండా నీళ్ళు. పంపడానికి దాలయ్య లేడు. అసిరమ్మ చాలాసేపు ఆగింది. ఆగలేక, కొంగున ఉన్న ఆఖరి గుప్పెడు చోళ్ళతో తనే వెళ్ళి ఒక దువ్వెన ఇమ్మంది.

పోలి తల దించుకుంది.

"ఏటనుకోకు పెద్దమ్మా. మొదటి బేరం నీ సేత్తో వద్దు."

"ఏటీ అనుకోనమ్మా" అని అసిరమ్మ ముడి మళ్ళీ వేసుకుంది. కుండ ఎత్తుకుని వెళ్ళిపోయింది.

నాలుగో సంతకి దాలయ్య కర్ర పట్టుకుని వచ్చాడు. పోలి ఎదురెళ్ళి, నీ చేతి చలవ గురించి విన్నాను, బోణీ చెయ్యమని బతిమాలింది. దాలయ్య అసిరమ్మ చోటు వైపు చూశాడు. కుండ లేదు. ఖాళీ చేతులు చాపి అందరికీ చూపించాడు.

"ఇది కాదు మంచి సెయ్యి. అసిరమ్మప్పది. ఇన్నేళ్ళూ మీ అందరి బోణీ ఆవిడే సేసింది."

ముందు పరిగెత్తింది పోలి. వెనక అందరూ.

వాళ్ళు వెళ్ళేసరికి గుడిసెలో అసిరమ్మ చాప మీద పడుకుని ఉంది. ప్రాణం లేదు. మూల ఒక తట్ట. అందులో ఎద్దు లేని మనిషి కొన్న గంట. గాజులు వేసుకోకూడని మనిషి కొన్న గాజులు. బిడ్డ లేని మనిషి కొన్న ఊయల చిలకలు. ఎవరి మొదటి బేరాన్ని వాళ్ళు గుర్తుపట్టి ఏడ్చారు. ఏం లాభం?

కర్ర మీద కుంటుతూ వెనకాలే చేరిన దాలయ్య ఆమె కొంగుముడి విప్పాడు. గుప్పెడు చోళ్ళు అలాగే ఉన్నాయి. ఆకలికి పోయింది గానీ బోణీ గింజలు నోట వేసుకోలేదు. వాటిని పోలి దోసిట్లో పోశాడు. పోలి తన గంపలో మంచి దువ్వెన తీసి ఆ తట్టలో పెట్టింది. పోలికి బోణీ అప్పటికి అయింది.

ఇప్పటికీ ఆ సంతలో పాతవాళ్ళెవరూ కొత్తవాళ్ళ దగ్గర ఏదో ఒకటి కొనకుండా తమ గంప మూత తీయరు. అక్కర లేనిదైనా కొంటారు. మొగుడు పోయిన మనిషి అమ్మకానికి వస్తే, ముందు కొనడానికి పోటీ పడతారు. కొత్తగా కూర్చున్న ఎవరినైనా పలకరిస్తూ మొదట ఒకటే అడుగుతారు:

"అసిరమ్మ వచ్చెళ్ళిందా?"

వచ్చిందంటే సరే. ఇంకా రాలేదంటే, అడిగినవాళ్ళే కొంగుముడి విప్పాలి.