తల్లిగూటికి అతుకు

దిగుడుబావి పక్కన ఈతచెట్టు ఒకటుంది. దాని మట్టలకి గిజిగాళ్ళ గూళ్ళు వేలాడుతుంటాయి. అన్నిటికంటే పైన ఒక పాత గూడు. దాన్ని తల్లిగూడు అంటారు. అందులో ఎవరూ కాపురముండరు.

దానికి కాపలా ముసలి గిజిగాడు సత్తెయ్య. గూడు కట్టాలనుకున్న పిట్ట ఆయన దగ్గరికి రావాలి. ఆయన తల్లిగూటి అల్లిక చూసి, అదే వరసలో ఒక గడ్డిపోచకి ముడులేసి ఇస్తాడు. పిట్ట ఆ ముడులు చూసుకుంటూ గూడు అల్లుకుని పోచని పారేస్తుంది. తల్లిగూటి నుంచి పోచకి, పోచ నుంచి కొత్త గూటికి. పోచని చూసి తల్లిగూటిని అల్లడమన్నది ఆ చెట్టు మీద ఎవరూ ఎరగరు.

ఒక ముసురు పొద్దున ఎలుక ఒకడు నోట పోచ కరుచుకుని చెట్టెక్కాడు. వాడి వీపు మీద సాలీడు.

"పెద్దాయనా, మీ పోచ కింద పడుంటే తెచ్చాను. వాన తగ్గేదాకా పైన తలదాచుకోనా?"

సత్తెయ్య పోచ మొదలు చూశాడు. తమ ముడుల్లాగే ఉన్నాయి. "మంచివాడివిరా. పైకెళ్ళు."

పక్క మట్ట మీద పైడమ్మ కూర్చునుంది. ఆమెకి గుడ్లు పెట్టే రోజులు దగ్గరపడ్డాయి. మొగుడు ఆ రోజే గూడు మొదలెట్టాలి.

"మామా, పారేసిన పోచని ఏరుకొచ్చి ఇచ్చాడా? ఎలుకా?"

"మర్యాద తెలిసినవాడు."

"మరి వీపు మీద వాడెవడు?"

"నీకన్నీ అనుమానాలే! నిన్న తేనెటీగని కూడా దొంగన్నావు."

"దొంగే మరి," అని పైడమ్మ చప్పుడు కాకుండా పైకెళ్ళింది.

ఎలుక పక్కన నిలబడి ఉంటే, సాలీడు పోచలో ఒక ముడి చూస్తున్నాడు, తల్లిగూటికి ఒక నార అల్లుతున్నాడు. మళ్ళీ ముడి చూస్తున్నాడు, మళ్ళీ అల్లుతున్నాడు.

"ఏం చేస్తున్నావు బాబూ?"

"చిరిగినచోట అతుకేస్తున్నానమ్మా. కూలి కూడా అక్కర్లేదు."

కూలి వద్దనేసరికి పైడమ్మకి అనుమానం బలపడింది. పోచని తేరిపార చూసింది. మొదటి రెండు ముడులే తమవి. మిగతావన్నీ ఎలుకల గూటివి. ఇది తల్లిగూట్లో కలిసిపోతే సత్తెయ్య ఇదే ముడేసి ఇస్తాడు. తల్లిగూటిదే కదా అని పిట్టలన్నీ కళ్ళు మూసుకుని ఎలుకల గూళ్ళు కడతాయి. వాటిలో పుట్టిన ప్రతి ఎలుకా ఒక పోచ పట్టుకుని ఇంకో చెట్టుకి పోతుంది. తన గుడ్లకి ఇంక చోటేది?

వేసిన ముడి లాగితే తల్లిగూడే ఊడిపోతుంది. ఎలుకతో కలబడే బలం తనకి లేదు. పైడమ్మ సాలీడునే చూస్తూ నిలబడింది. వాడి దగ్గర సొంత నార లేదు. పిట్టలు మట్టల సందులో పోగేసుకున్న నార కుప్పలోంచే తీస్తున్నాడు. ఏం తీస్తున్నాడో చూసుకోవడం లేదు, ఎంతసేపూ తొందరే.

"నార అయిపోయేలా ఉంది బాబూ. నేను తెచ్చిస్తానుండు."

"చల్లగా ఉండు తల్లీ!"

నారకి చివర చిన్న చీలిక ఉండాలి. అందులో ఇంకో నార దూర్చితేనే అల్లిక ముందుకి సాగుతుంది. పైడమ్మ ప్రతి నార చీలికనీ ముక్కుతో కొరికేసి తెచ్చి కుప్ప మీద పడేసింది.

సాలీడు ఒకటి తీసి బిగించాడు. ఇంకోటి తీశాడు. దూర్చడానికి చోటు లేదు.

"ఏమైందిరా? కానీ!" ఎలుక పళ్ళు కొరికాడు.

"పట్టు దొరకట్లేదన్నా."

"ఆ ముడి విప్పి మళ్ళీ వెయ్యి!"

"వెయ్యడమే వచ్చన్నా. విప్పడం నాకు రాదు."

వాళ్ళు వాదులాడుకుంటుంటే వానకి నానిన పోచ పుటుక్కున తెగింది. పైడమ్మ అరుపుకి పిట్టలన్నీ ఎగిరొచ్చి పొడిచాయి. ఎలుక మట్టల మీంచి జారి బురదలో పడ్డాడు. సాలీడు తెగిన పోచ పట్టుకుని వాడి మీద పడ్డాడు.

సత్తెయ్య తల దించుకున్నాడు. "ఆ అతుకు తీసెయ్యనా అమ్మా?"

"వద్దు మామా, గూడు ఊడుతుంది. సగంలో ఆగిన ఆ అతుకుతో ఎలుకల గూడు లేవదులే. ముందు మా ఆయనకి పోచ ఇవ్వు. ముడులు నేను చూసుకుంటాను."

"నా మీద కూడా అనుమానమేనా?"

"ముందు నీ మీదే మామా."

నీతి: తమ ఇంటి గుర్తు చూసి లోపలికి రానిచ్చినా, వచ్చినవాడు ఏం పని చేస్తున్నాడో ఓ కంట కనిపెడుతూనే ఉండాలి.