తిన్న అనుభవం

ఒకానొక రాజ్యంలో చలి ఎక్కువ, సిగ్గు తక్కువ. చలి ఉత్తరాన ఉన్న కొండల మీది నుంచి దిగేది. సిగ్గులేనితనం మాత్రం కోటలోనే తయారయ్యేది.

ఆ రాజ్యాన్ని గజకేసరి మహారాజు ఏలేవాడు. మనిషి చెడ్డవాడేం కాదు. కాకపోతే తన నోట వెలువడిన ప్రతి ముక్కా శాసనమని నమ్మేవాడు. వాటిలో ఒక శాసనమంటే ఆయనకు మరీ ముద్దు. అది మంత్రి దండపాణి చెవిలో వేసిన మాటే అయినా, తన సొంత తెలివేననుకున్నాడు.

"ఇంతకుముందు కోటకు సరుకు ఇచ్చిన అనుభవం ఉన్నవారికే ఇకముందు ఇచ్చే అర్హత."

సభలో దీన్ని చదివించుకున్నప్పుడల్లా మీసం దువ్వుకునేవాడు.

దీనివల్ల బాగుపడ్డవాడు ఒక్కడే, గుత్తదారు శరభయ్య. అతను మంత్రిగారికి వియ్యంకుడు. కొండ మీద కాపలా ఉండే సిపాయిలకు గొంగళ్లు ఏటా అతనే ఇచ్చేవాడు. ఆ గొంగళ్లలో ఉన్ని కంటే కన్నాలు ఎక్కువ. వాన పడితే సిపాయిలు వాటిని తీసి పక్కన పెట్టేవారు. కప్పుకుంటే ఇంకా తడుస్తామని వాళ్లకు తెలుసు.

ఆ కొలువులోనే పంచాంగం చెప్పే కొండుభట్టు ఉండేవాడు. నోరు ఊరుకోదు. అందువల్లే తోటివాళ్లంతా శాలువాలు, కడియాలు పోగేసుకున్నా ఆయనకు ఇన్నేళ్లలో ఒక తాంబూలం కూడా దక్కలేదు.

ఒక ఉదయం భట్టు కోటలోకి వస్తుంటే గుమ్మం దగ్గర మంత్రి ఒక స్త్రీని నిలబెట్టి మాట్లాడుతున్నాడు. ఆమె కురుమవాడ పెద్ద బీరమ్మ. ఆ వాడలో అందరూ గొర్రెలు కాచి గొంగళ్లు నేసేవాళ్లే. ఆమె భుజం మీద నల్లటి గొంగడి ఒకటి మడతపెట్టి ఉంది.

"ఇంతకుముందు కోటకు ఇచ్చావా?" అన్నాడు మంత్రి.

"లేదు దొరా. ఇస్తమంటే ఏటా తిప్పి పంపుతున్నరు."

"అయితే అర్హత లేదు. అనుభవం తెచ్చుకుని రా."

"ఒక్కపారి ఇయ్యనిస్తేనే గద, ఇచ్చినోళ్లమయ్యేది? అనుభవం ఏ అంగట్ల దొరుకుతది దొరా?"

"అది నా పని కాదు."

"ఈ ఏడు గూడ నేసినయి ఇంట్లనే ఉంటే మందలు అమ్ముకునుడే. గొర్రెలే లేకపోతే మేమేం నేస్తం?"

మంత్రి అప్పటికే పల్లకీ ఎక్కేశాడు. భట్టు దగ్గరికి వచ్చి గొంగడిని చేత్తో తడిమి చూశాడు. అరచేతి నిండా వెచ్చగా, దిట్టంగా ఉంది.

"మీరు గూడ అడుగుతరా పంతులూ, మునుపు ఇచ్చినవా అని?" అంది బీరమ్మ.

భట్టుకు ఒళ్లంతా భగ్గున మండింది. నేరుగా రాజు దగ్గరికి వెళ్లి విషయం చెప్పాడు.

"నిబంధన అంటే నిబంధనే భట్టూ," అన్నాడు రాజు. "కొత్తవాళ్ల చేతిలో కోటను పెడతామా? వెళ్లి యువరాజు అన్నప్రాశనకు మంచి ముహూర్తం చూడు."

"చిత్తం," అన్నాడు భట్టు పళ్లు బిగించి. ముహూర్తం చూశాడు. ఆ రోజుకు గొంగడితో సహా రమ్మని బీరమ్మకు కబురు చేశాడు.

అన్నప్రాశన నాడు సభ కిటకిటలాడింది. రాణిగారి ఒడిలో యువరాజు, ముందు బంగారు గిన్నెలో పరమాన్నం. భట్టు మంత్రం చదివి, బంగారు ఉంగరాన్ని పరమాన్నంలో ముంచి పైకెత్తాడు. పిల్లవాడు నోరు తెరిచాడు. భట్టు చెయ్యి అక్కడే ఆపేశాడు.

"ప్రభూ, చిన్న సందేహం. యువరాజావారు ఇంతకుముందు అన్నం తిన్నారా?"

రాజు నవ్వాడు. "అన్నప్రాశన కదయ్యా. ఇదే మొదటి ముద్ద."

"అయితే అర్హత లేదు. అనుభవం తెచ్చుకుని రమ్మనండి," అని భట్టు గిన్నె పట్టుకుని లేచాడు. తిన్నగా మంత్రి ముందుకు వెళ్లాడు. "మంత్రివర్యా, నోరు తెరవండి. ఈ కోటలో తిన్న అనుభవం తమకున్నంతగా ఇంకెవరికుంది?"

మంత్రి ఏదో అనబోయి నోరు తెరిచాడు. భట్టు గిన్నెలోంచి తీసిన ముద్ద లోపలికి పోయింది. ఆ తిండి ఏ తిండో తెలిసిన సభంతా ఉత్తరీయాలు నోటికి అడ్డం పెట్టుకుంది. భట్టు మాత్రం నవ్వలేదు. పిల్లవాడు గుక్కపట్టి ఏడ్వడం మొదలుపెట్టాడు.

"ఇదేం చోద్యం భట్టుగారూ, బిడ్డ ఏడుస్తున్నాడు," అంది రాణి.

రాజు సింహాసనం దిగి వచ్చాడు. "మతి పోయిందా నీకు? మొదటి ముద్ద పెట్టనిదే తిన్న అనుభవం ఎక్కణ్ణుంచి వస్తుందయ్యా?"

భట్టు గిన్నె కింద పెట్టాడు. "ఈ మాటే బీరమ్మ మీ గుమ్మంలో అడిగింది ప్రభూ. మీ బిడ్డకు ఒక్క ముద్ద ఆలస్యమైతే తమకు ఇంత కోపం వచ్చింది. ఏటేటా ఆ వాడ నోటి దగ్గర ముద్ద లాగేస్తున్నారు, అదీ తమ పేరు చెప్పి. తిన్నవాళ్లే తింటున్నారు. కొండ మీద మీ సిపాయిలు చలికి వణుకుతూ మీకు కాపలా కాస్తున్నారు. నాకు కోపం రాకూడదా?"

రాజు ముఖం ఎర్రబడింది, తల మెల్లగా వాలింది.

"ఆమెను పిలవండి," అన్నాడు. "శరభయ్య గొంగడి కూడా ఒకటి తెండి."

రెండు గొంగళ్లనూ నాలుగు కొసలా పట్టించి చెరో చెంబు నీళ్లు పోయించాడు. బీరమ్మ గొంగడి మీద నీళ్లు చెరువులా నిలిచాయి. శరభయ్య గొంగడి పట్టుకున్నది మంత్రిగారు. ఆయన పట్టుపంచె మోకాళ్ల దాకా తడిసింది.

"ఇకమీదట ముందు నీళ్లు పోయండి, తరువాతే పేరు అడగండి," అన్నాడు రాజు. "అన్నీ ఒక్కడే ఇవ్వాలని లేదు. ఏ వాడ ఎన్ని నేయగలిగితే అన్ని ఇవ్వనీ. దండపాణీ, మీరూ మీ వియ్యంకుడూ ఈ చలికాలం కొండ మీదే ఉండండి. అతని గొంగళ్లే కప్పుకుని."

అప్పుడు రాజే స్వయంగా బిడ్డకు మొదటి ముద్ద పెట్టాడు. ఏడుపు ఆగింది. తన వేలి ఉంగరం తీసి భట్టుకు అందించబోయాడు.

భట్టు చెయ్యి చాచలేదు. "నాకు అర్హత లేదేమో ప్రభూ. ఇన్నేళ్లలో తమ దగ్గర ఏదైనా పుచ్చుకున్న అనుభవం లేదు."

రాజు ఒక్క క్షణం తెల్లబోయి, మరుక్షణం పొట్ట పట్టుకుని నవ్వాడు. "అయితే నీకూ ఈ రోజే అన్నప్రాశన," అంటూ ఉంగరం తానే తొడిగాడు. బీరమ్మ గొంగడి మీది నీళ్లు దులిపి భట్టు భుజాల చుట్టూ కప్పాడు.

ఆ ఏడు కురుమవాడలో ఎవరూ మంద అమ్ముకోలేదు.