చెంగమ్మ చెయ్యి

శ్రీకాళహస్తిలో కలంకారీ నేర్పే దొరస్వామి అయ్యవారికి ఇంగ్లీషు మాటల పిచ్చి. కరక్కాయ రసంలో, పాలలో ముంచిన గుడ్డలు ఆరేలోపు ఏదో ఒక మాట ఎత్తుకుని, అది లాటిన్‌లో ఎలా పుట్టిందో చెబితే గానీ ఆయనకు పొద్దు గడిచేది కాదు.

ఒకనాడు పెద్ద శిష్యురాలు మునిలక్ష్మి తనే అడిగింది: "అయ్యవారూ, ఎన్వీ అంటే అసూయ గదా, ఆ మాట యాడ పుట్టింది?"

ఊరికే అడగలేదు. చెంగమ్మ అనే కొత్త పిల్ల వచ్చి పక్కన కూర్చున్నప్పటి నుంచి ఆమె కళ్ళు అస్తమానం ఆ పిల్ల గుడ్డ మీదికే పోతున్నాయి, తన గుడ్డ మీద మరకలు పడుతున్నాయి. కలానికి చుట్టిన ఉన్నిని కాస్త గట్టిగా నొక్కితే చాలు, నల్లరంగు ఒలికిపోతుంది. ఒలికిందా, బ్రహ్మ దిగివచ్చినా చెరగదు. ఇంకొక్క మరక పడితే, ఇన్నేళ్ళు అన్నం పెట్టిన ఆ కలాన్ని వదిలేసి ఊరికి వెళ్ళిపోదామని ఆమె నిశ్చయించుకుంది.

"లాటిన్‌లో అది చూపుకు సంబంధించిన మాటమ్మా. ఓర్వలేక వంకరగా చూడటం. మనోళ్ళూ కళ్ళు కుట్టినాయనే గదా అంటారు," అన్నారు అయ్యవారు. అంతటితో వదిలిపెడితే ఆయన అయ్యవారెందుకవుతారు? ఒక గుడ్డముక్క చేతికిచ్చి, "చెంగమ్మ ఆడ కూర్చోని బొమ్మ గీస్తా ఉండాది. ఆ పిల్ల చెయ్యి గీసుకోని రా," అన్నారు.

మునిలక్ష్మికి ఒళ్ళు మండింది. అయినా గురువు మాట. ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చుని ఏదో గీసి తెచ్చింది. మళ్ళీ మరకే. ఇక ఊరికి పోతానని ఆమె నోరు తెరిచేలోపే అయ్యవారు చూసి, "ఇది నీ కోపం చెయ్యి. చెంగమ్మది తీసుకోని రా," అని ఇంకో ముక్క ఇచ్చారు.

ఈసారి చూడక తప్పలేదు. చూస్తే, ఆ వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి. ప్రతి గీతకు ముందు చెంగమ్మ ఊపిరి బిగబడుతోంది, గీత ముగిశాకే వదులుతోంది. తేలిగ్గా వచ్చేస్తోందనుకున్న ఆ సొగసు వెనక ఇంత యాతన ఉందా! మునిలక్ష్మికి ఆ పిల్ల మీద మొదటిసారి గౌరవం కలిగింది.

"ఎందుకే అంత బిగుసుకోని పోతావు?" అని అడిగేసింది.

"నీ పక్కన కూర్చోని గీయాలంటే భయం గాదా అక్కా?" అంది చెంగమ్మ తల ఎత్తకుండానే.

మునిలక్ష్మి కళ్ళు చెమర్చాయి. అయినా కలం ఆగలేదు. వణికే వేళ్ళూ, రంగు పట్టి నల్లబడిన గోళ్ళూ ఉన్నవున్నట్టు గుడ్డ మీదికి దిగాయి.

అయ్యవారు ఆ బొమ్మను వెలుతురుకు పట్టి చాలాసేపు చూశారు. ఎక్కడా మరక లేదు.

"చానాళ్ళకు నీ చూపూ చెయ్యీ ఒకే గుడ్డ మీద ఉండాయమ్మా," అన్నారు.