సోమిదేవమ్మ గారి తోడు

అచలస్వామికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పేవారు కాదు, పని చెప్పేవారు. మాయ అంటే ఏమిటని అడిగినవాణ్ణి గోశాల కప్పు నేయమన్నారు. కర్మ సంగతి అడిగినాయన వేసవంతా బావిలో పూడిక తీశాడు. అందుచేత వంశధార ఒడ్డున ఉన్న ఆ చిన్న ఆశ్రమంలో ప్రశ్నలు పుట్టడం ఎప్పుడో తగ్గిపోయింది. వేదాంతం మీద ఎంత మోజున్నా, పూడిక తీసే మోజు ఎవరికుంటుంది?

గౌరీపతికి మాత్రం అడగక తప్పలేదు. తండ్రి బట్టల కొట్టు వదులుకుని వచ్చి, ఆశ్రమంలో వంటపని చూస్తున్నాడు. తెల్లవారుజామున ధ్యానంలో కూర్చుంటే అతనికి మనసు నిండిపోయేది. అది నటన కాదు, ఆ ఆనందం నిజంగానే కలిగేది. లేచి వంటింట్లోకి వచ్చి, పచ్చికట్టెల పొగలో కళ్ళు మండి, అన్నం చిమిడిందని ఎవరో సణిగేసరికి అందులో పిసరు కూడా మిగిలేది కాదు. రోజూ ఇదే వరస. చివరికి ఒకనాడు స్వామి ముందు కూర్చుని, కలిగిన ఆనందం నిలిచే మార్గం ఉంటే చెప్పమని వేడుకున్నాడు. ఇక్కడ దొరక్కపోతే పౌర్ణమి వెళ్ళగానే హిమాలయాలకు పోతానని, అక్కడి గుహల్లో వంటిళ్ళు ఉండవని కూడా అన్నాడు.

స్వామి అంతా విని, "రేపటి నుంచి పెరుగు తోడు పెట్టే పని నువ్వు చూడు" అన్నారు.

ఆ ఆశ్రమంలో అది చిన్న పని కాదు. స్వామి తల్లి సోమిదేవమ్మ గారు, కొడుకు ఇల్లు విడిచాడని ఏడుస్తూ కూర్చోకుండా, తానే ఇల్లు విడిచి కొడుకు దగ్గరకు వచ్చేసిన మనిషి. వస్తూ తెచ్చుకున్నది రెండు చీరలు, గుడ్డ కట్టిన ముంతలో ఇంటి పెరుగు. ఆ పెరుగునే తోడువేస్తూ వచ్చారు. వడ్డనకు ముందు రేపటి తోడు చిన్న గిన్నెలోకి తీయడం ఆవిడ పద్ధతి. అది తీయనిదే కన్నకొడుక్కి కూడా వడ్డించేవారు కాదు. ఆవిడ పోయి ఏళ్ళయినా ఆ తోడు మాత్రం తెగలేదు. భోజనం చివర పెరుగన్నం కలిపేటప్పుడు స్వామి చెయ్యి ఒక్క క్షణం ఆగేది. ఎందుకాగేదో అందరికీ తెలుసు, ఎవరూ అడిగేవారు కాదు.

మొదట్లో గౌరీపతి పెరుగు ఒకనాడు నీళ్ళు, ఒకనాడు పులుపు. పాలు ఎంత చల్లారాక తోడు వేయాలో వేలికి తెలియడానికి కొన్నాళ్ళు పట్టింది. పౌర్ణమి దగ్గరపడుతుండగా ఒక ఉదయం మూత తీసి చూస్తే, కుండ నిండా గడ్డపెరుగు, దాని మీద పసుపుపచ్చని మీగడ. గరిటె అంచుతో పిసరంత తీసి నోట్లో వేసుకున్నాడు. కమ్మగా ఉంది. తెల్లవారుజామున ధ్యానంలో కలిగే ఆనందమే వంటింట్లో, కుండ ముందు, పొగలో కలిగింది. గౌరీపతి పొంగిపోయాడు.

ఇలాంటిది మళ్ళీ కుదరదని వెంటనే భయం కూడా పట్టుకుంది. మేలిరకం చీరను పై అరలో దాచే ఇంట్లో పెరిగినవాడు మరి. కుండ మూతికి గుడ్డతో వాసెన కట్టి, చీకటి మూలన తడి ఇసుకలో పాతాడు. పౌర్ణమినాడు స్వామికి తన చేత్తో అది వడ్డించి, ఆ తృప్తితోనే ఉత్తరాదికి బయలుదేరాలనుకున్నాడు. తోడు విడిగా తీయలేదు. కుండెడు పెరుగూ తోడే కదా, వేరే తీయడమెందుకు అనుకున్నాడు. గిన్నెలో అడుగున మిగిలిన నిన్నటి పెరుగును మజ్జిగ చేసి ఆ పూట గట్టెక్కించాడు. తరువాతి రోజుల పాలన్నీ పరమాన్నంలోకి పోయాయి. ఆశ్రమవాసులు పరమాన్నం జుర్రుకుంటూ, పెరుగేదని అడగడం మరిచిపోయారు. నోరు తీపయితే వివేకానికి సెలవే. స్వామి మాత్రం చివరి ముద్ద వేళకు ఆకువైపు చూసి, మంచినీళ్ళు తాగి లేచేవారు.

అసలే నడివేసవి. పౌర్ణమినాడు భోజనాల వేళకు వాసెన విప్పితే ముందు కంపు కొట్టింది. పైన ఎర్రటి బూజు, అడుగున విరిగిన నీళ్ళు. గౌరీపతి అక్కడే చతికిలబడ్డాడు. మిరపకాయ తొడిమలు వేసినా పాలు తోడుకుంటాయని అతనికి తెలుసు. అదీ పెరుగే అవుతుంది, సోమిదేవమ్మ గారి పెరుగు కాదు. ఒక తల్లి చేతి నుంచి ఏళ్ళ తరబడి నడిచి వచ్చినది తన చేతిలో తెగిపోయింది. స్వామికి అమ్మ గుర్తుగా మిగిలింది అదొక్కటే. దుఃఖం ఆగలేదు.

ఎదురుగా వెళ్ళి చెప్పే ధైర్యం రావడానికి సాయంత్రమయింది. ఏదీ దాచకుండా చెప్పాడు. స్వామి ముఖం చిన్నబోయింది, ఆ బాధను ఆయన కప్పిపుచ్చుకోనూ లేదు. కాసేపటికి, ఊళ్ళోకి వెళ్ళి ఎవరింట్లోనైనా తోడు అడిగి తెమ్మన్నారు.

గౌరీపతి ఊళ్ళో అడుగుపెట్టేసరికి దీపాలు పెట్టేశారు. దీపాలు పెట్టాక ఉప్పూ, పాలూ, పెరుగూ గడప దాటించరు అక్కడ. ఏ గుమ్మం ముందు నిలబడ్డా తెల్లవారి రమ్మనే చెప్పారు. ఆఖరికి సాలెవీధి చివర పైడమ్మ అనే ముసలామె ఇంటి ముందు ఆగాడు. ఆమె కూడా ముందు కాదనే తల ఊపింది. వెళ్ళిపోబోతుంటే, ఎక్కడి నుంచి వచ్చావని అడిగింది. ఆశ్రమం నుంచి అనగానే చేతిలోని నూలు కండె కింద పెట్టి లేచింది.

"మా కాడున్నది అమ్మగారి తోడే బాబూ. మా యత్త ఆయమ్మ కాడ అట్టుకొచ్చింది. ఇప్పటిదాకా తెగనేదు. నా కాడ నుంచి ఈ ఈదిలో సగం ఇళ్ళోళ్ళు అట్టుకెళ్ళారు."

దీపాలు పెట్టారు కదా అని గౌరీపతి సందేహంగా గొణిగాడు.

"ఇది ఇవ్వడం కాదు బాబూ, మీది మీకు అప్పజెప్పడం. దానికి దీపాలేటి?" అని ఆమె ఉట్టి మీది కుండ దించింది. ముందు రేపటి తోడు తన గిన్నెలోకి తీసుకుంది. ఆ తరువాతే అతని ముంతలో పోసింది. ఆ వరస చూసి గౌరీపతికి కళ్ళ నీళ్ళు తిరిగాయి. తనను కాదని పంపేసిన ఇళ్ళలో ఎన్నింట ఇదే పెరుగు పేరుకుంటోందో అనుకుంటూ, ముంతను రెండు చేతులా పట్టుకుని ఏటి గట్టు వెంట నడిచాడు.

మర్నాడు ఆశ్రమంలో పెరుగు వడ్డించారు. అంత గొప్పగా ఏమీ లేదు, కాస్త పల్చగానే పేరుకుంది. స్వామి అన్నంలో కలిపారు. ఆయన చెయ్యి ఎప్పటికంటే ఎక్కువసేపు ఆగింది. ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు తుడుచుకున్నారు. ముంత ఏ ఇంటి నుంచి వచ్చిందో, పైడమ్మ ఏమన్నదో గౌరీపతి పక్కన నిలబడి పూసగుచ్చినట్టు చెప్పాడు. ఉత్తరాది ప్రయాణం మాట అతను ఎత్తలేదు, స్వామి అడగలేదు.

"రేపటికి తీశావా?" అన్నారు స్వామి.

"ముందు తీసే వడ్డించాను. ఇక ఈ జన్మలో ఏదీ దాచుకోను స్వామీ."

స్వామి నవ్వారు. "దాచుకోకపోతే ఎలా? మా అమ్మ కూడా దాచుకుంది. ఎక్కడ దాచుకోవాలో ఆవిడకు తెలుసు."