కోనమ్మ ఇంటి హద్దులు

వకుళకు ఒకే ఒక్క బెంగ. మూడువందల అరవై ఏళ్ళ కిందట బందరులో ఉండిన కోనమ్మ అనే మనిషిని ఒక్కసారి చూడాలని.

ఇది పైకి చెప్పుకునే బెంగ కాదు. చెబితే జనం నవ్వుతారు. చరిత్ర ప్రొఫెసర్ల మధ్య అసలే చెప్పకూడదు. వాళ్ళు నవ్వకుండా తలూపి ఊరుకుంటారు, అది మరీ కష్టం. అందుకని వకుళ ఆ బెంగను పదకొండేళ్ళుగా పరిశోధన అని పిలుస్తూ వస్తోంది.

పాత బందరులో అద్దకం బట్టలు తయారయ్యే వీధి ఒకటి ఉండేది. ఆ వీధిలో ఇళ్ళు చేతులు మారినప్పుడు రాసుకున్న కాగితాలు కొన్ని మిగిలాయి. ఇప్పుడు మనం రిజిస్ట్రేషను ఆఫీసులో రాయించుకున్నట్టే అప్పుడూ ఇంటికి నాలుగు దిక్కులా హద్దులు రాసేవారు, ఏ గోడ ఎన్ని మూరలో కూడా రాసేవారు. అలా ఉత్తరపు ఇంటి కాగితంలో 'దక్షిణం కోనమ్మ గోడ' అని ఉంది. దక్షిణపు ఇంటి కాగితంలో 'ఉత్తరం కోనమ్మ గోడ'. పడమటి ఇంటికీ ఆమె గోడే హద్దు. ఎదురింటి కాగితంలో 'పడమర నడిచే దారి, దారికి అవతల కోనమ్మ గుమ్మం' అని ఉంది. ముప్ఫై నాలుగేళ్ళలో ఈ నాలుగిళ్ళూ ఒకటొకటిగా అమ్ముడుపోయాయి. కోనమ్మ మాత్రం అమ్మలేదు. అమ్మలేదు గనక ఆమెకు కాగితం లేదు. కాగితం లేదు గనక ఆమె ఎవరో, ఏం చేసేదో ఒక్క ముక్క కూడా మిగల్లేదు.

ముప్ఫై నాలుగేళ్ళు ఒకే ఇంట్లో ఉన్న మనిషి. ఆ సంగతే వకుళను పట్టుకుని వదల్లేదు.

ఎందుకంటే వకుళ ఎక్కడా నిలిచింది లేదు. ముందు హాస్టలు గది. తర్వాత ఢిల్లీలో ఎవరింట్లోనో ఒక మంచం. హాలండులోని లైడెన్‌లో రెండేళ్ళు ఒక ముసలాయన అటక మీద. తిరిగొచ్చాక ఏడాదికో కాంట్రాక్టు చొప్పున మూడూళ్ళు, మూడు కాలేజీలు. చివరికి హైదరాబాదులో ఉద్యోగం ఖాయమైంది గానీ, ఇల్లు ఇంకా అద్దెదే. నలభై ఏడేళ్ళొచ్చినా పుస్తకాల అట్టపెట్టెలు సగం విప్పనే లేదు. ఏ ఊళ్ళో ఉన్నా నిద్రపట్టనప్పుడు ఆమె మనసులోనే ఆ వీధిలోకి పోయి, ఆ గుమ్మం ముందు నిలబడేది. తలుపు ఎప్పుడూ వేసే ఉండేది.

ఎన్నాళ్ళని నిలబడుతుంది? డచ్చివాళ్ళ సరుకుల పట్టీ ఒకదానిలో, బట్ట పంపినవాళ్ళ వరుసలో, 'కోనా' అన్న పేరు కంటబడింది. అంతే, వకుళ తలుపు తోసేసింది. ఆమె రాతలో కోనమ్మ పెద్ద వ్యాపారస్థురాలు అయింది. ఆమె ఇంటి వెనకాల రంగు బానలు వెలిశాయి, ముప్ఫైమంది పనివాళ్ళు చేరారు, రేవులో ఆమె మాటకు విలువ వచ్చింది. నలభై పేజీల అధ్యాయం. సదస్సుల్లో చదివితే చప్పట్లు కొట్టారు. ప్రచురణకర్తలు పుస్తకం అట్ట మీద కోనమ్మ పేరే వేస్తామన్నారు. సోమవారానికల్లా తుదిప్రతి పంపాలి. ఆ పుస్తకం అచ్చుకు వెళ్తేనే నెలాఖరు ఇంటర్వ్యూలో ప్రొఫెసరు పదవి. రాకపోతే మళ్ళీ నాలుగేళ్ళు చూడాలి.

పంపేముందు ఒక్కరి చేత మాత్రం బాగుందనిపించుకోవాలని శనివారం పొద్దున్నే బందరు బస్సెక్కింది.

మొహియుద్దీన్ మాస్టారికి ఎనభై రెండేళ్ళు. అక్కడి కాలేజీలో పారశీకం చెప్పి రిటైరైన మనిషి. పాత దస్తూరీ చదవడం వకుళకు నేర్పింది ఆయనే. ఇరవై రెండేళ్ళ పిల్లగా ఆయన దగ్గర చేరితే, మొదటి కాగితం ఒక్కటే నెలరోజులు ఎత్తి రాయించారు. ఇంత తెలిసి మీరొక పుస్తకమైనా రాయలేదేం మాస్టారూ అని ఎవరడిగినా, "చదవడమే ఇంకా అవలేదు బాబూ" అని తప్పించుకునేవారు.

అధ్యాయం ఆయనకు ముందే పోస్టులో పంపింది. వెళ్ళేసరికి అది బల్ల మీద, అంచులు సరిచేసి ఉంది.

"చదివారా మాస్టారూ?"

"రెండుసార్లు చదివానమ్మా. రెండోసారి చదువుతుంటే నాకూ ఆవిడ మీద ఇష్టం పుట్టుకొచ్చింది."

వకుళ ప్రాణం లేచొచ్చింది. "అయితే పంపించెయ్యనా?"

మాస్టారు లేచి, అలమరలోంచి సుద్దముక్కల డబ్బా తీశారు. "నాలుగు కాగితాల నకళ్ళూ తెచ్చుకున్నావా? డాబా మీదకి పద. మెల్లిగా ఎక్కాలి, నా మోకాళ్ళు నా మాట వినడం మానేశాయి."

డాబా మీద సాయంత్రపు ఎండ పల్చబడింది. సముద్రం కనపడదు గానీ గాలి మాత్రం ఉప్పగా తగులుతోంది. మాస్టారు పిట్టగోడ మీద కూర్చుని కాగితాలు ఒళ్ళో పెట్టుకున్నారు. "నేను చదువుతాను, నువ్వు గియ్యి."

"టేపు ఉందా మాస్టారూ?"

"కాగితంలో మూరలని కదా ఉంది. నీ చెయ్యి లేదూ?"

వకుళ చీర కుచ్చిళ్ళు దోపుకుని మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఉత్తరపు ఇల్లు. కోనమ్మతో ఉమ్మడి గోడ, పదకొండు మూరలు."

మోచెయ్యి నేలకానించి, వేలి కొస దగ్గర సుద్దతో చుక్క పెట్టి, మళ్ళీ అక్కడ మోచెయ్యి ఆనించి కొలిచింది. గచ్చు గరుగ్గా ఉంది. అయిదో మూరకే మోచేతి చర్మం మండింది. ఇన్నేళ్ళలో ఈ అంకెలను వందసార్లు చదివి ఉంటుంది. రెండు కాగితాలు హైదరాబాదులో, రెండు లండనులో దొరికాయి. దేనికది వేరే ఫైలులో, వేరే నోట్సుతో పెట్టుకుంది. నాలుగింటినీ ఒకచోట పరిచి కొలిచింది మాత్రం ఎన్నడూ లేదు.

"దక్షిణపు ఇల్లు. పదకొండు మూరలు. పడమటి ఇల్లు, ఎనిమిది మూరలు. ఆ గోడ వెనకే ఆ ఇంటివాళ్ళ వంటిల్లు. తూర్పున దారి."

మూడు గోడలు లేచాయి. దారి వైపు కూడా గీత గీసి, మధ్యలో గుమ్మానికి చోటు వదిలింది. లేచి చూసింది.

"ఇంతేనా?" అంది.

"కాగితాల్లో ఇంతే ఉందమ్మా."

పదహారు పదిహేడు అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు. ఒక్క గది. వెనక పెరడు లేదు, వెనకున్నది పక్కవాళ్ళ వంటిల్లు. వకుళ ముప్ఫైమంది పనివాళ్ళను అందులో నిలబెట్టి చూసింది. బానల కోసం చోటు వెతికింది. ఒక బాన పెడితే మనిషి పడుకోవడానికి వీల్లేదు.

"పనిశాల వేరేచోట ఉండి ఉండొచ్చు మాస్టారూ."

"ఉండొచ్చు. ఏ కాగితంలో?"

వకుళ సుద్దముక్క కింద పెట్టింది. మాస్టారు ఆమె ముఖం చూసి, కాగితాలు మడిచి పెట్టారు. "టీ పెట్టుకొస్తాను. నువ్వు లోపలికి వెళ్ళి కాసేపు కూర్చో" అని మెట్లు దిగిపోయారు.

వకుళ గుమ్మం వైపునుంచి లోపలికి వెళ్ళి, నడిమధ్యన చతికిలబడింది.

ముందు కోపమొచ్చింది. మాస్టారి మీద, మూరల మీద, ఆ డచ్చి గుమాస్తా మీద. 'కోనా' అనేది ఎవడో మగవాడు కూడా కావచ్చునని తనకు మొదటినుంచీ తెలుసు. తెలిసీ ఎక్కడో అడుగున చిన్నక్షరాల్లో రాసి దాటేసింది. ఆ సంగతి గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి.

కోపం చల్లారాక మిగిలింది మాత్రం పాత బెంగే. పొయ్యి ఏ మూల ఉండేదో. పడుకుంటే తల ఎటు పెట్టుకునేదో. పడమటింటి వంట వాసన గోడ దాటి వచ్చేదేమో, ఎవరైనా ఒక గిన్నెడు ఇచ్చేవారేమో. చుట్టూ అందరూ అమ్ముకుని వెళ్ళిపోతుంటే ఈ గుమ్మంలో నిలబడి చూసిందేమో. చాప పరిచినట్టు గచ్చు మీద అరచేయి ఆనించింది. పదకొండేళ్ళలో ఇంత దగ్గరికి ఎన్నడూ రాలేదు. ఇంత దగ్గరికి వచ్చినా ఇల్లు ఖాళీగానే ఉంది. వకుళకు ఏడుపొచ్చింది. ఎవరూ లేరు గనక ఏడ్చింది.

మెట్ల మీద మాస్టారి చెప్పుల చప్పుడైంది. కొంగుతో ముఖం తుడుచుకుంది.

ఆయన రెండు గ్లాసులు పట్టుకుని, పక్కగోడల గీతలు తొక్కకుండా చుట్టూ తిరిగి, దారి వైపుకు వచ్చారు. గుమ్మం ఎదుట ఆగారు. అడుగు లోపల పెట్టలేదు.

"లోపలికి రావచ్చామ్మా?"

ఆయన వేళాకోళమాడటం లేదు. ఎవరింటికి వెళ్ళినా అడిగినట్టే అడిగారు, తల కొంచెం వంచి.

రండి మాస్టారూ అనబోయింది వకుళ. నోరు తెరిచింది కూడా. అంతలో అనుమానమొచ్చింది. పరాయి మగవాడు గుమ్మంలో నిలబడితే కోనమ్మ రమ్మనేదో, తలుపు చాటునుంచి మాట్లాడి పంపేదో. అసలు సాహెబులకు ఆ ఇంట్లో చనువుండేదో, లేదో. నలభై పేజీలు రాసింది తను. ఈ ఒక్క ప్రశ్నకు జవాబు అందులో ఎక్కడా లేదు.

మాస్టారు కదలకుండా నిలబడే ఉన్నారు. గ్లాసుల్లోంచి ఆవిరి గాలికి కొట్టుకుపోతోంది.

"నేను చెప్పకూడదు మాస్టారూ" అంది చివరికి. "ఇల్లు ఆవిడది."

ఆయన తలూపారు. గ్లాసులు రెండూ దారిలో, గీతకు ఇవతల పెట్టి, మోకాళ్ళ మీద చేతులానించి మెల్లిగా కిందనే కూర్చున్నారు. వకుళ లేచి, గుమ్మంలోంచి బయటికి వచ్చి, ఆయన పక్కన కూర్చుంది.

ఇద్దరూ ఇంటివైపు తిరిగి టీ తాగారు. ఆయనకు అలవాటు లేకపోయినా ఆమె కోసం అల్లం వేశారు.

"సోమవారం ఏం పంపుతావు?"

"హద్దులు పంపుతాను. నాలుగు కాగితాలు, నాలుగు గోడలు. రెండు పేజీలు కూడా కాదు." గ్లాసు చేతిలో తిప్పుతూ, "అట్ట మీద పేరు తీసేస్తారు. అసలు పుస్తకమే వద్దంటారేమో. ఈసారికి పదవి కూడా..." అని ఊరుకుంది.

మాస్టారు ఇంకో గుక్క టీ తాగారు.

"మరి నాకు ఆవిడని చూడాలని ఉందే మాస్టారూ" అంది వకుళ. ఇరవై రెండేళ్ళప్పటి గొంతు అది. "ఈ ఆశ ఏం చేసుకోను?"

మాస్టారు గ్లాసు కింద పెట్టి, వకుళ కళ్ళకు ఇంకా మూసే ఉన్న ఆ తలుపువైపు చూశారు.

"నాకూ ఉందమ్మా" అన్నారు. "ఇలా కొంచెం జరుగు. దారికి అడ్డం కూర్చున్నాం, ఆవిడ బయటికి రావాలంటే చోటుండాలి."

వకుళ పక్కకు జరిగి కూర్చుంది.