వీధి అవతలికి వినపడేలా

సువర్చల హరికథ చెబితే మైకు అక్కర్లేదని బొబ్బిలి చుట్టుపక్కల ఊళ్ళలో అనుకునేవారు. నిండు సభలో రాజును నిలదీసే ఘట్టం ఆమె గొంతులో వినడానికే జనం బళ్ళు కట్టించుకుని వచ్చేవారు. అలాంటి మనిషి ఇప్పుడు ఫోను మోగితే చాలు, పెరట్లోకి పోయి గుసగుసలాడుతోంది.

సొంతంగా మేళం పెట్టుకున్న కొత్తలో బ్యాంకు ఇచ్చిన క్రెడిట్ కార్డు తీసుకుంది. ఉత్సవ కమిటీల వాళ్ళు డబ్బు ఆలస్యం చేసినా, వయొలిన్ ఆయనకూ మృదంగం ఆయనకూ ఏ నెలా జీతం ఆపలేదు. కార్డు మీద తీసి ఇచ్చేది. అంతలో చీలమండ విరిగింది. ఎనిమిది నెలలు కాలికి గజ్జె కట్టలేదు. లక్షా ఇరవై వేల బాకీ వడ్డీలూ జరిమానాలూ కలిసి రెండు లక్షల ముప్ఫై ఎనిమిది వేలయింది. వసూలు వాళ్ళు గద్దిస్తే "సోమవారం కట్టేస్తానండీ" అనేది. సోమవారాలు వస్తున్నాయి, పోతున్నాయి.

ఒకరోజు పొద్దున్నే గురువుగారి ఇంటికి వెళ్ళింది. అప్పలనరసయ్య గారికి డెబ్బై ఎనిమిదేళ్ళు. అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు.

"గురువుగారూ, బాకీ తేల్చుకుందాం రమ్మని బ్యాంకు వాళ్ళు కబురు పెట్టారు. అక్కడికెళ్ళి నోరు విప్పలేను. నలుగురికీ తెలిస్తే నా పరువేం కాను?"

"ఎంత బాకీ?"

చెప్పింది.

"వినపడలేదు."

ఇంకాస్త దగ్గరికి జరిగి చెప్పింది. ఆయన చిక్కుడుకాయల పళ్ళెం పక్కన పెట్టారు. చేతికర్ర అందుకుని మెట్లు దిగి, వీధి దాటి, ఎదురింటి గోడకు ఆనుకుని నిలబడ్డారు.

"ఇప్పుడు చెప్పు!"

వీధిలో పాలవాడున్నాడు. మేడ మీద ఒకావిడ బట్టలు ఆరేస్తోంది. సువర్చల కళ్ళు మూసుకుంది.

"రెండు లక్షల ముప్ఫై ఎనిమిది వేలు! కార్డు బాకీ!"

మేడ మీదావిడ ఒకసారి తొంగి చూసింది. మళ్ళీ తన దుప్పటి దులుపుకుంది. పాలవాడు సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

"ఎంత కట్టగలవు?" ఆయన అటునుంచే అరిచారు.

"తొంభై అయిదు వేలు! మూడు వాయిదాల్లో!"

అప్పలనరసయ్య గారు నెమ్మదిగా వీధి దాటి వచ్చి పళ్ళెం మళ్ళీ ఒళ్ళోకి తీసుకున్నారు. "రేపు పది గంటలకు తయారుగా ఉండు. నేనూ వస్తాను."

బ్యాంకులో ఆయన తలుపు దగ్గర కుర్చీలో కూర్చున్నారు. సువర్చల ఒక్కతే మేనేజరు ముందుకు వెళ్ళింది. అతను గొంతు తగ్గించి, "లక్షా డెబ్బైకి మూసేద్దామమ్మా" అన్నాడు.

"తొంభై అయిదు వేలు కడతాను సార్." ఆమె గొంతు తగ్గించలేదు. వరసలో ఉన్న వాళ్ళు ఇటు తిరిగారు. "చేతిలో ముప్ఫై అయిదు ఉంది. మిగతాది రెండు నెలల్లో. మూడు ఊళ్ళలో కథ ఒప్పుకున్నాను."

"లక్షా పాతిక చెయ్యండి. పైవాళ్ళను ఒప్పిస్తాను."

"ఒప్పుకుంటే ఈ పూటకి మీరు సంతోషిస్తారు. కట్టలేను. ఇన్నాళ్ళూ కట్టేస్తానని అబద్ధాలే చెప్పాను. ఇంక చెప్పను."

మేనేజరు కుర్చీలోంచి లేచాడు. లోపలికెళ్ళి ఎవరితోనో ఫోనులో చాలాసేపు మాట్లాడి వచ్చాడు. "సరేనమ్మా, తొంభై అయిదే. కానీ పూర్తిగా కట్టలేదని మీ పేరు మీద రాసి ఉంటుంది. కొన్నేళ్ళు ఎక్కడా అప్పు పుట్టదు."

"ఉన్నదేగా రాస్తారు. రాయండి. ముందు ఈ ఒప్పందం కాగితం మీద ఇవ్వండి, అప్పుడు డబ్బు కడతాను."

కాగితం వచ్చింది. ప్రతి వాక్యం చదివింది. సంతకం పెట్టింది. మొదటి వాయిదా కట్టి రసీదు తీసుకుంది.

రోడ్డు మీదికి వచ్చాక ఆమెకు మళ్ళీ గుబులు పట్టుకుంది.

"అంతమంది ముందు తగ్గించమని అడిగాను. తల దించుకున్నట్టే కదా గురువుగారూ?"

అప్పలనరసయ్య గారు కర్ర ఎత్తి ఆటోను ఆపారు.

"చూస్తూనే ఉన్నానమ్మా. సంతకం పెట్టేటప్పుడు దించావు. అంతే."