వెయ్యి కంటే పెద్దదైన నూట అరవై

అంకె పక్కన కొలత లేకుండా మాట్లాడితే రామజోగి మాస్టారు వినేవారు కాదు. ఎవరైనా "సెకనుకు నూరు" అంటే, "నూరేమిటి నాయనా, చింతపిక్కలా?" అని అడిగి మళ్ళీ చేతిలోని కేబుల్ వైపు తిరిగేవారు. విజయనగరంలో ఆయన దగ్గర నెట్‌వర్కుల పని నేర్చుకున్న వాళ్ళమందరమూ ఆ మాటకి నవ్వినవాళ్ళమే. బయటికొచ్చాక దాన్ని పాటించినవాళ్ళు మాత్రం తక్కువ.

ఒక ఆదివారం భార్గవ వచ్చి ఆయన ఎదుట కూర్చున్నాడు. మాలో అందరికంటే తెలివైనవాడు, ఫైబరు లైన్లు వేసే కంపెనీలో ఇంజనీరు. "నేను చెప్పిన అంకె తప్పా మాస్టారూ?" అన్నాడు. "అడిగినదానికి ఉన్నదున్నట్టు చెప్పాను. అయినా అందరూ నన్నే దోషిలా చూస్తున్నారు."

జరిగింది నాకు తెలుసు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

జానపద పాటలు భద్రపరిచే ఒక సంస్థ తన పాత భవనాన్ని ఖాళీ చేస్తోంది. పాటలున్న డిస్కులు ఏళ్ళ తరబడి ఆగకుండా తిరుగుతున్నవి. అలాంటివి ఒకసారి ఆగితే మళ్ళీ తిరగవేమోనని మా వృత్తిలో అందరికీ భయమే. అందుకని అవి తిరుగుతుండగానే పాటలన్నీ ఫైబరు మీద కొత్త భవనానికి పంపించి, ఆ తర్వాత కరెంటు తీయించాలనుకున్నారు. సంస్థ అధికారి డిస్కులు చూసుకునే ఇంజనీరుని వేగమెంతని అడిగాడు. నూట అరవై అన్నాడతను. మీ లైను ఎంత లాగుతుందని భార్గవని అడిగాడు. వెయ్యి అన్నాడు మావాడు. "ఇంకేం, వెయ్యి పట్టే దారిలో నూట అరవై పోలేదా!" అని ఆ అధికారి, నూట అరవై చొప్పున లెక్కకట్టి, పాటలు చేరిపోయే వేళకి కరెంటు తీసెయ్యమని పురమాయించేశాడు.

డిస్కులవాళ్ళు బైట్లలో మాట్లాడతారు, లైన్లవాళ్ళు బిట్లలో మాట్లాడతారు. ఎనిమిది బిట్లయితే ఒక బైటు. భార్గవ చెప్పిన వెయ్యిని ఎనిమిదితో భాగిస్తే వచ్చేది నూట ఇరవై అయిదు. దారి ఖర్చులు పోగా ఇంకా తక్కువ. అంటే ఆ వెయ్యి ఈ నూట అరవై కంటే చిన్నది. మా దగ్గర కొత్తగా చేరినవాళ్ళకి మొట్టమొదట చెప్పే పాఠమిది. ఇంత చదువుకున్నవాళ్ళు ముగ్గురు ఒకే బల్ల చుట్టూ కూర్చుని టీలు తాగారు కదా, దేనిలో చెబుతున్నావయ్యా అని పక్కవాణ్ణి అడగడానికి ఒక్కడికీ నోరు రాలేదు.

పాడినవాళ్ళ పేర్ల అక్షరక్రమంలో పాటలు బయలుదేరాయి. గదికి తాళం వేసి అందరూ కొత్త భవనంలో సన్మాన సభకి వెళ్ళారు. సన్మానం వరాలమ్మకి. ఊడ్పు పాటలు ఆవిడలా పాడినవాళ్ళు ఈ జిల్లాలో లేరు. గొంతులో క్యాన్సరు వచ్చి, డాక్టర్లు స్వరపేటిక తీసేశారు. ఇక ఆవిడ గొంతు ఉన్నదల్లా ఆ డిస్కుల్లోనే. ఇక్కడ వేదిక మీద ఆవిడకి శాలువా కప్పుతుండగా అక్కడ కరెంటువాళ్ళు చెప్పిన వేళకి ఫ్యూజు పీకేశారు. 'మ' దాకా వెళ్ళిన పాటలు 'వ' దాకా వెళ్ళలేదు. డిస్కులు మళ్ళీ తిరగలేదు. మర్నాడు ఆ అధికారి, సిగ్గు లేకుండా, నూటికి డెబ్బై పాటలు క్షేమమని పేపర్లవాళ్ళకి చెప్పుకున్నాడు.

భార్గవ మాట విన్న మాస్టారు లేచి చొక్కా తొడుక్కుని, "పద, ఆ మాటేదో ఆవిడకే చెబుదువుగాని" అన్నారు. నేనూ వెంట వెళ్ళాను.

వరాలమ్మ మంచం మీద కూర్చుని ఉంది. మెడ చుట్టూ తెల్లటి గుడ్డ. కూతురు పైడమ్మ మాకు కుర్చీలు వేసింది. భార్గవ ఓపిగ్గా వివరించాడు. "నేను తవ్వల్లో చెప్పానమ్మా, అతను ఎనిమిదేసి తవ్వలు పట్టే కుంచాల్లో చెప్పాడు. ఇద్దరం చెప్పిందీ నిజమే."

"నిజమే కావచ్చు," అంది పైడమ్మ. "మరి మాయమ్మ పాటలేటయ్యాయి బాబూ?"

"అతను కుంచాల్లో చెబుతున్నాడని నాకెవరూ చెప్పలేదమ్మా."

"నువ్వడగనేదా?"

వరాలమ్మకి మా మాటల్లో ఎంత అర్థమైందో తెలియదు. చెయ్యి చాచి, కూతురి మోకాలి మీద తాళం వేస్తూ పెదవులు కదపసాగింది. చప్పుడు లేదు. పైడమ్మ మొదటి పాదం అందుకుంది. రెండో పాదం సగంలో ఆగిపోయింది. తల్లి మొహం మీదికి వంగి, ఆ పెదవుల్ని చూసి మాట పోల్చుకోబోయింది. తప్పు మాట పలికినప్పుడల్లా వరాలమ్మ తల అడ్డంగా ఊపి మళ్ళీ మొదటికి వచ్చేది. నేను చూడలేక బయటికొచ్చేశాను. ఆ అధికారిని మెడ పట్టుకుని తీసుకొచ్చి ఆ కుర్చీలో కూర్చోబెట్టాలనిపించింది.

కాసేపటికి మాస్టారూ భార్గవా కూడా వచ్చారు. చెప్పులు వేసుకుంటూ భార్గవ, "అయితే చివరికి తప్పెవరిదంటారు మాస్టారూ?" అన్నాడు.

ఆయన కోప్పడగా అంతకుముందు నేనెన్నడూ చూడలేదు.

"చెప్పులు విప్పు," అన్నారు. "ఆవిడ ఇంకా పాడుతూనే ఉంది. వెళ్ళి ఒక్కొక్క మాటా అడిగి రాసుకో."